నడుమెత్తు కంచె

సముద్రం వైపు వాకిట్లో యువరాజు గోరింట మొక్కలు నాటుతున్నాడు. పక్కన కూచుని ఒంటిచేత్తో ఒక్కొక్కటీ అందిస్తోంది వదిన మహాలక్ష్మి. ఆమె పిల్ల గడప నీడన నిద్రపోతోంది.

“సంచి సింపినావు గానీ మట్టంతా రాలిపోతంది, యువరాజూ. ముద్దగా దించు.”

“దించుతన్నాను వదినా. మూరెడు దూరం సాలదేటి?”

“సాలు. గోతిలో ఎరువుకి సేప తలకాయలేసినావా?”

“ఏసినాను. నివ్వు నీడకెళ్లి కూకో. ఎనకతలుపు బార్లా తీసుంది, మేకలు అటు నుంచీ వత్తన్నాయి. గొళ్లెమెయ్యవేటి?”

“ఎయ్యను. తలలు కత్తిరించు.”

“సేపలవా?”

“మొక్కలవిరా. ఇప్పుడు కొయ్యకపోతే మొదట్లో గుబురు కట్టవు. బోడిగా లెగిసిపోతాయి.”

“లెగనీ. నిలువెత్తు లెగనీ.”

“కంచె మేకలకన్నావు.”

“మేకలకే.”

“మేక నిలువెత్తుంటాదేటి?”

“అది కాదు వదినా…”

“మరేటి?”

“అమ్మ సెప్పమంది… కాదు, నానే. బోటు తిరగబడి ఎనిమిది నెలలైంది. ముగ్గురి శవాలు దొరికాయి, అన్నయ్యది దొరకనేదు. నివ్వు తెల్లారితే ఈ గడప మీద కూకుని సముద్రాన్నే సూత్తావు. తిండి నేదు, మాట నేదు. నిన్ను సూసి ఊరంతా ఏడుత్తంది. కంచె అడ్డమొత్తే…”

“సముద్రం కనపడదు.”

“మరిసిపోతావని.”

“కత్తెర ఇలగియ్యి.”

“ఎడం సెయ్యి లెగదు గదా, ఎలగ కోత్తావు? నూతికాడ పడ్డప్పుడే ఆస్పత్రికెళ్లుంటే…”

“నివ్వు మొక్క పట్టుకో. నాను కోత్తాను.”

“ఆశ సంపుకో వదినా. అన్నయ్య రాడు.”

“శవం దొరకనేదు గదా.”

“అదిగో! అలగనుకోకనే సెప్తన్నాను.”

“నూతికాడ పడనేదు, యువరాజూ.”

“ఏటి?”

“ఏ నూతికాడా పడనేదు. మొక్క కదపకు.”

“అన్నయ్యా…?”

“ఊరందరికీ ఇనపడేది. గోడ పక్కనే పడుకునేవోడివి, నీకూ ఇనపడేది.”

“ఈ మొక్కకి మట్టి కప్పేత్తాను.”

“ఇంకోటి పట్టుకో.”

“వదినా…”

“నడుం దాటనీకు. నెలనెలా కొయ్యాల. నాకు ఒడ్డు కనపడాల.”

“మరింకా ఎందుకు సూడడం? ఎవరికోసం?”

“ఆడొత్తే, ఇసక దాటకముందే నాకు తెలియాల. పిల్లనెత్తుకుని ఎనకతలుపున పోవాల.”