సంతలో తప్పిపోయిన పైడమ్మ

నందపూర్ సంత రోజు. బట్టల కొట్టు సావుకారు రొప్పుతూ ఊరి రేడియో గదిలోకి వచ్చేడు. మైకు ముందు అనౌన్సరమ్మ ఒక్కతే ఉంది.

“మాయమ్మ సంతలో తప్పిపోయిందమ్మా! తెలుగు తప్ప మరో మాట రాదు. రేడియోలో సెప్పండి. ఎంతియ్యాలి?”

“ఇలాంటివాటికి మేం డబ్బులు తీసుకోం బాబూ. కూర్చోండి. తెలుగులోనే కాదు, ఇక్కడివాళ్ల దేశియా భాషలో కూడా చెప్తాను.”

కూర్చోబోతూ బల్ల మీద కాగితం చూసేడు. లాభం చూసుకోని ఊరి రేడియోలు కూడా వ్యాపారం చేసే ఎఫ్‌ఎంల్లాగే సర్కారుకి ఫీజు కట్టాలని వర్తకులు పెట్టిన అర్జీ నకలు. మొదటి సంతకం తనదే.

“అది... ఎఫ్‌ఎం ఏజెంటు తెచ్చేడమ్మా. సదవకుండా పెట్టీసేను.”

“పక్కనే ‘ఎవులికీ మినాయింపు వొద్దు’ అని మీరే రాశారు బాబూ.”

సావుకారు ఆ కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టేడు.

“ఆ ఫీజు పడితే మేం మూసుకోవాల్సిందే. సరే, అమ్మగారి పేరు?”

“పైడమ్మ. పసుపు కోక.”

“ఎవరి తాలూకు?”

“నా పేరొద్దమ్మా. బట్టల కొట్టు తాలూకనండి, సాలు.”

“సంతలో బట్టల కొట్లు పది. ఎవరికి అప్పగిస్తారు?”

తల దించుకునే పేరు చెప్పేడు. ఆమె మైకు దగ్గరకి లాక్కుని, ఆ పేరుకి ముందు ‘మన’ అని చేర్చి చదివింది.