బస్వరాజ్ సేఠ్ గారి యాంటెనా కూలిన విషయమై

జహీరాబాదు పట్టణ పోలీసు ఠాణాలో, 1986 మే 26 సోమవారం మధ్యాహ్నం, హెడ్ కానిస్టేబుల్ సాయన్న గారి ఎదుట, ఎవరూ పట్టుకుని రాకుండా నా అంతట నేనే వచ్చి, నా చేత్తో రాసి ఇస్తున్న వాంగ్మూలం.

ముందుగా క్షమాపణలు. శనివారం సాయంత్రం సినిమాలో విలన్ పిస్తోలు ఎత్తిన చోట బొమ్మ పోయి, అది పేలిందో లేదో ఇప్పటికీ తెలియక అల్లాడుతున్న పదిహేడు మంది పెద్దమనుషులకూ. వంద కిలోమీటర్ల అవతల నుంచి ఆ బొమ్మను శ్రమపడి పంపించిన హైదరాబాదు దూరదర్శన్ వారికీ. దారిలో దానికి అడ్డు రాకుండా ఒదిగి కూర్చున్న సదాశివపేట, సంగారెడ్డి పట్టణాలకూ. అల్యూమినియం కనిపెట్టిన మహానుభావుడికీ, ఆయన కుటుంబ సభ్యులకూ చేతులు జోడించి క్షమాపణ వేడుకుంటున్నాను. నేను రాస్తూ ఉండగా సాయన్న గారి చాయ్ చల్లారిపోయింది. దానికి వేరుగా క్షమాపణ.

నా పేరు మదన్‌మోహన్. తండ్రి పేరు రామ్‌కిషన్, వ్యవసాయం, ఝరాసంగం. నాకు పద్దెనిమిదో ఏడు నడుస్తోంది. వృత్తి: ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూడటం. మిగిలిన సమయంలో రేడియోలు విప్పుతాను. వాటిలో చాలావాటిని తిరిగి బిగిస్తాను కూడా. ఊరికి వస్తే చేను పని, అక్కడుంటే ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు చదువు అని నాయన నన్ను ఎండాకాలమంతా ఇక్కడే ఉండమన్నాడు. నివాసం: అల్లం వ్యాపారి బస్వరాజ్ సేఠ్ గారి ఇంటి వెనక, గోదాము పక్క గది. నా చొక్కాలు, పుస్తకాలు, నేను సబ్బుపెట్టెలో అమర్చుకున్న రేడియో, అన్నీ అల్లం వాసనే.

ఇక్కడ సాయన్న గారు తల వంచి చూసి, "అరే, సంగతి రాయి. అల్లం గురించి ఎవడడిగిండు?" అన్నారు.

సంగతి ఇది. రేపు మంగళవారం పొద్దున హుమ్నాబాదు నుంచి ఒక మనిషి బుట్టలు పట్టుకుని వస్తాడు. మా పక్కింటి బాబా మియా గారి పావురాలన్నిటినీ తీసుకుపోతాడు. పెంచుకోవడానికి కాదు. సేఠ్ గారి యాంటెనాను పడగొట్టింది ఆ పావురాలేనని ఫిర్యాదు వచ్చింది. నిజమేనని, వాటిని వదిలించుకుంటానని బాబా మియా గారు నిన్న ఇదే బల్ల ముందు వేలిముద్ర వేశారు. కాబట్టి ఈ కాగితం రేపు తెల్లవారేలోపు ఎస్.ఐ. గారి చేతికి అందాలి.

పోయిన దసరాకు సేఠ్ గారు టీవీ కొన్నారు. మన పట్టణానికి హైదరాబాదు బొమ్మ అందీ అందనట్టు వస్తుంది. ఎత్తయిన పైపు కావాలి, బూస్టరు కావాలి, పైపును వెంట్రుకవాసి ఇటూ అటూ తిప్పేవాడు ఒకడు కావాలి. బూస్టరు నేను కోఠీ నుంచి సామాను తెప్పించి తయారు చేశాను. తిప్పేవాణ్ణి కూడా నేనే. శనివారం తెలుగు సినిమా మొదలు కాగానే నేను మిద్దె మీద ఉండాలి. కింద నుంచి సేఠ్ గారు అరుస్తారు.

"మదనా! జర ఎడమకు! ఇంకింత! అరే, గంత కాదు! వచ్చింది, వచ్చింది. ఆడనే పట్టుకో, కదలకు!"

సేఠ్ గారి తల్లి చెన్నమ్మ అవ్వకు సంతోషం వస్తే కన్నడంలోకి పోతుంది. "బంతు, బంతు!" అని చప్పట్లు కొడుతుంది. వచ్చింది అని అర్థం.

వచ్చాక నేను పైపు వదిలితే పోతుంది. గాలికి తిరిగిపోతుంది. అందుకని సినిమా అయ్యేదాకా పట్టుకుని నిలబడేవాణ్ణి. ఈ విధంగా ఆరు నెలల్లో నేను తెలుగు సినిమాలు చాలా విన్నాను. ఒక్కటీ చూడలేదు. ఒకసారి గుడ్డ తాడుతో పైపును పిట్టగోడకు కట్టి కిందికి దిగాను. గుమ్మం దగ్గర గుట్టగా ఉన్న చెప్పుల పక్కన నా చెప్పులు విడిచి, కుడికాలు లోపల పెట్టాను. బొమ్మ పోయింది. గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నా వైపు తిరిగి, "నువ్వెందుకు దిగినవురా!" అన్నారు. ఎడమకాలు గుమ్మం బయటే ఉంది. దాన్ని తీసుకుని మళ్ళీ పైకి వెళ్ళాను.

శనివారం సాయంత్రం వీధి వీధంతా టీవీల ముందు ఉంటుంది. మిద్దెల మీద ఇద్దరమే ఉంటాం. నేను, పక్క మిద్దె మీద బాబా మియా గారు. ఆయన వెనకటికి దర్జీ. సూది కనబడటం మానేశాక పావురాలు పెంచుతున్నారు. భార్య తాజ్ బేగం గారు పోయి నాలుగేళ్ళు. జొన్నల డబ్బా గలగలలాడించి "ఆవ్, ఆవ్" అంటారు. పావురాలు వస్తాయి. అందులో తెల్లది, లావుది, రొమ్ము విరుచుకుని నడిచేది ఒకటుంది. దాని పేరు కలెక్టర్.

"సినిమా ఎట్లున్నది బేటా?" అని అడిగేవారు.

"వినడానికి బాగుంది చాచా."

"నాకు కండ్లు లేవు, నీకు బొమ్మ లేదు. ఇద్దరం బరాబర్."

నాతో గదిలో ఉండే మా కాలేజీ స్నేహితుడు సర్వర్ పరీక్షలు కాగానే బీదరులో వాళ్ళ మామ దగ్గర మోటార్ల వైండింగు నేర్చుకోవడానికి వెళ్ళిపోయాడు. అతను పోయాక కూడా నేను ఇద్దరికి సరిపడా బియ్యమే కడుగుతూ వచ్చాను. చేతికి అలవాటు. మిగిలిన అన్నం కలెక్టరూ, ఆయన సిబ్బందీ తినేవారు. కాబట్టి ఈ కేసులో నేను పావురాల పక్షం. దాచను.

ఏప్రిల్‌లో నాకు తీరిక దొరికింది. వెల్డింగు దుకాణంలో కూర్చుని దగ్గరుండి ఒక క్లాంపు చేయించాను. రెండు ఇనుప పట్టీలు, నాలుగు నట్లు. దాంతో పైపును గోడకు బిగిస్తే గాలి కాదు, ఏనుగు వచ్చినా తిరగదు. చాలా మంచి క్లాంపు. నా జీవితంలో నేను చేసిన వస్తువుల్లో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు.

అది బిగించాక వచ్చిన మొదటి శనివారం సినిమా వేళకు నేను గదిలో చెప్పులు వేసుకుని, పానా ఒళ్ళో పెట్టుకుని తయారుగా కూర్చున్నాను. బొమ్మ గట్టిగా వచ్చినట్టుంది. నవ్వులు వినబడ్డాయి. పాటలు వినబడ్డాయి. ఎవరూ పిలవలేదు. మరుసటి శనివారం కూడా పిలవలేదు. మధ్యలో వార్తలు వస్తున్నప్పుడు సేఠ్ గారు పెరట్లోకి వచ్చి నన్ను చూశారు.

"ఏం మదన్, ఇంక నీకు ఫికర్ లేదు. ఆరాంగ సదువుకో."

మంచి మనసుతోనే అన్నారు. నేను "సరే సేఠ్" అన్నాను. ఆ రోజు మొత్తం మీద నేను మాట్లాడింది ఆ రెండు మాటలే. రాత్రి అన్నం తింటూ గుర్తొచ్చింది. రేడియోలో వార్తలు చదివినాయన "ఇంతటితో సమాప్తం" అంటే "మంచిదండీ" అన్నాను. అదీ కలిపితే మూడు.

మే పదో తేదీ శనివారం సినిమా మధ్యలో బొమ్మ మీద చుక్కలు వచ్చాయి. "మదనా! మదనా, ఏడున్నవురా?" అని సేఠ్ గారు కేక వేశారు. చెన్నమ్మ అవ్వ కూడా కేక వేసింది. నేను రెండేసి మెట్లు ఎక్కి మిద్దె మీదికి వెళ్ళాను. పైపు కొంచెం తిరిగి ఉంది. యాంటెనా మీద కలెక్టర్ కూర్చుని ఉన్నాడు. నా వెనకే వచ్చిన సేఠ్ గారు కలెక్టర్‌ను చూసి, "ఓహో, ఇదా కథ!" అన్నారు.

పదిహేడో తేదీన కూడా అలాగే జరిగింది. పైపు పట్టుకుని నిలబడ్డాను. రంజాన్ నెల. పొద్దు గుంకగానే మసీదులో అజాన్ వినబడింది. బాబా మియా గారు రోజా విడుస్తూ పిట్టగోడ దగ్గరికి వచ్చారు.

"నోరు తెరువు బేటా. చేతులు ఖాళీ లేవు గద."

ఖర్జూరం నోట్లో పెట్టారు. గింజ ఎక్కడ ఉమ్మాలో తెలియక సినిమా అయ్యేదాకా బుగ్గన పెట్టుకున్నాను. ఈ వివరం కేసుకు అవసరం లేదని తెలుసు. కొట్టివేయమంటే కొట్టివేస్తాను.

ఇక ఇరవై నాలుగో తేదీ. సేఠ్ గారు మార్కెట్ యార్డు వ్యాపారులను సినిమాకు పిలిచారు. పదిహేడు మంది వచ్చారు. నేను గదిలో ఉన్నాను. వార్తలకు కాస్త ముందు పడమటి నుంచి గాలిదుమారం లేచింది. బొంబాయి రోడ్డు మీద లారీలు దీపాలు వేసుకున్నాయి. అంతలో మిద్దె మీద పెద్ద చప్పుడు. నేను వెళ్ళేసరికి పైపుతో సహా యాంటెనా చెన్నమ్మ అవ్వ వడియాల మీద పడి ఉంది. కడ్డీలు వంగిపోయాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. దుమ్ము సద్దుమణగగానే కలెక్టర్ వచ్చి, పడిపోయిన యాంటెనా మీద కూర్చుని వడియాలు తనిఖీ చేయసాగాడు.

సేఠ్ గారు వచ్చారు. ఆయన వెనక వ్యాపారులు.

"చూసినవా బాబా మియా! నీ పిట్టలు నా ఇజ్జత్ తీసినయ్! ఇంతమంది ముంగట నవ్వులపాలైన!"

బాబా మియా గారు పిట్టగోడకు ఆనుకుని వంగి, కళ్ళు చికిలించి చూశారు. పైపును చూశారు. క్లాంపును చూశారు. తరువాత నన్ను చూశారు, ఎక్కువసేపు కాదు.

"హౌ సేఠ్," అన్నారు. "నా కబూతర్లే."

"ఒప్పుకుంటున్నవా?"

"ఒప్పుకుంటున్న. కలెక్టర్ జర బరువెక్కిండు. రోజా నాకు గాని, వానికి లేదు గద."

వ్యాపారులు నవ్వారు. సేఠ్ గారు నవ్వలేదు. మరునాడు ఠాణాకు వచ్చారు. నేనూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. సాయన్న గారు బాబా మియా గారిని అడిగారు.

"యాంటెనా ఎవడు పడగొట్టిండు?"

"కలెక్టర్, సాబ్."

సాయన్న గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. విషయం తెలిశాక మళ్ళీ కూర్చున్నారు. "పిట్ట ఎట్ల పడగొడతదయ్యా? మనుషులెవరన్న ముట్టిన్రా, నిజం చెప్పు" అని రెండుసార్లు అడిగారు. అడగలేదని ఎవరూ అనకూడదు. బాబా మియా గారు రెండుసార్లూ "నై సాబ్. మనిషి లేడు" అన్నారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. నోరు తెరవలేదు. బుగ్గన ఖర్జూరం గింజ కూడా లేదు.

ఈ సందర్భంలో సాంకేతిక నిపుణుడి హోదాలో నా అభిప్రాయం మనవి చేస్తున్నాను. కలెక్టర్ ఎంత తిన్నా అరకిలోకు మించడు. ఆ క్లాంపు బిగించి ఉంటే కలెక్టర్ కాదు, జిల్లా యంత్రాంగం మొత్తం కూర్చున్నా కదలదు. దుమారానికి కూడా కదలదు. దుమారం మీద నిందపడకుండా ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

నిన్న సాయంత్రం మిద్దె ఎక్కాను. యాంటెనా లేదు కాబట్టి నాకు అక్కడ పని లేదు. బాబా మియా గారు జొన్నల డబ్బా గలగలలాడించటం లేదు. ఒక్కొక్క పావురాన్ని పట్టుకుని, చూపు ఆనదు కదా, రెక్కలు తడిమి చూసి వదులుతున్నారు.

"ఎందుకట్ల చెప్పిండ్రు చాచా?" అని అడిగాను.

"నీకు కాలేజోళ్ళు కాండక్ట్ సర్టిఫికెట్ ఇయ్యాలె. పోలీస్ కేసుంటే ఇస్తరా? కబూతర్లకు సర్టిఫికెట్ ఎందుకు బేటా?" అన్నారు. తరువాత, "ఖానా తిన్నవా?" అని అడిగారు. తిన్నానని చెప్పాను. తినలేదు.

పైన రాసినదంతా సాయన్న గారు గట్టిగా చదివి వినిపించారు. "నా పేరు మదన్‌మోహన్" అన్నచోట పక్క గదిలో కానిస్టేబుళ్ళు కూడా ఎవరా అని తల తిప్పి నన్ను చూశారు. చదవడం అయ్యాక కాగితం నా ముందుకే తోశారు.

"పిట్టలు చెయ్యలేదన్నవ్. గాలి చెయ్యలేదన్నవ్. మల్ల ఎవరు చేసిన్రు? లోకంలున్నోళ్ళందరికి మాఫీ అడిగినవ్ గని, దేనికడిగినవో రాయలే. కింద జాగా ఉన్నది. రాయి."

రాస్తున్నాను. క్లాంపు నట్లు వదులు చేసింది నేను. మూడు శనివారాలూ, మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ, నా పానాతో నేనే. మొదటి రెండుసార్లు ఒక్క నట్టు. ఇరవై నాలుగో తేదీన పదిహేడు మంది వస్తున్నారని తెలిసి నాలుగూ వదులు చేశాను. దుమారం వస్తుందని తెలియదు. బాబా మియా గారు తన మిద్దె మీది నుంచి పానా చప్పుడు మూడుసార్లూ విన్నారట. పావురాలకు దీంతో సంబంధం లేదు. సర్టిఫికెట్ సంగతి ఎస్.ఐ. గారి దయ. హుమ్నాబాదు మనిషికి ఈ పూటే కబురు పంపించాలని ప్రార్థన.

ఎవరి భయమూ లేకుండా, ఎవరి మాటా వినకుండా రాశాను. ఇందులో కల్పితం ఏమీ లేదు. ఎందుకు చేశావని సాయన్న గారు అడిగారు.

పిలుస్తారని చేశాను.

(సంతకం) మదన్‌మోహన్
ఎదుట: సాయన్న, హెడ్ కానిస్టేబుల్