ఛాతీ ముప్ఫై ఆరు

కుట్టుగదిలో టైలరమ్మ పార్సిలు విప్పి, పెట్టెలోని బొమ్మను పైకెత్తి చూసింది. అది చూసిన ఆడపడుచు నవ్వు ఆపుకోలేక గుమ్మంలోనే చతికిలబడింది.

“జాకెట్లు తొడిగి చూసే బొమ్మన్నావు కదా వదినా! ఇది మూరెడు కూడా లేదే!”

“నవ్వకే. ఛాతీ ముప్ఫై ఆరని సైట్లో చూసే కొన్నాను.”

“ముప్ఫై ఆరు సెంటీమీటర్లు! ఇదిగో, పక్కనే రాసుంది.”

“ఇరవై ఏళ్ళుగా అంగుళాలతో కాపురం చేస్తున్నదాన్ని. నాకు ఇంకేం తడుతుందే?”

“ఊరందరి కొలతలూ తీస్తావు, నీ సరుక్కి మాత్రం చూసుకోవు. అమ్మిన ఆ పరాయి దేశం వాడికి డబ్బు నేరుగా పంపలేదు కదా?”

“అంత వెర్రిదాన్నా? సైటు బయట కడితే ఇంకా తగ్గిస్తానన్నాడు. ససేమిరా అన్నాను. సైట్లోనే కట్టాను. విప్పుతూ వీడియో కూడా తీశాను. వారంలోగా తిప్పి పంపితే డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ పెట్టె ఇటు జరుపు.”

ఆడపడుచు పెట్టె జరపలేదు. బొమ్మను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“పంపొద్దు వదినా.”

“ఉంచుకుని ఏం చేసుకోను? దీనికి సరిపోయేవాళ్ళు మనింట్లో ఎవరున్నారే?”

“ఇప్పుడైతే లేరు. ఇంకో ఏడు నెలలు ఆగాలి.”

టైలరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. మెడలోని టేపు తీసి, ఇన్నేళ్ళలో మొదటిసారి సెంటీమీటర్ల వైపు తిప్పింది.

“ఈ మాట ఇంత తీరిగ్గానా చెప్పడం? ముందు ఆ చల్లటి నేల మీంచి లేవవే తల్లీ!”