శ్రావణమా, జ్యేష్ఠమా

హలో… ఆ, నేనే అత్తయ్యగారూ, కల్యాణిని. ఆయన ఫోనే, నేనెత్తాను.

బాగున్నానండీ… ఆ, తిన్నాను… ఇడ్లీలు… నాలుగు… ఇద్దరి కోసం తినాలా? సరే, రేపట్నుంచి ఆరు తింటాను.

ఆయనా? ఆయన… ఇక్కడ లేరండీ. ఫస్ట్ షిఫ్ట్‌కి వెళ్లారు. ఈపాటికి గని మీదుంటారు… ఫోన్ మర్చిపోయి వెళ్లిపోయారు. మీ అబ్బాయి మతిమరుపు మీకు తెలీందా?

నాతోనే మాట్లాడాలా? చెప్పండి… ఎవరూ లేరండీ, నేనొక్కర్తినే. చెప్పండి.

…

ఎవరు చెప్పారు? … ఆయనే? మామయ్యగారితోనా? జూన్ ఆఖరుకి ఛుట్టీ పెట్టానని… పురుడు కోసమని… ఓహో. లేదండీ, నేనేం అనట్లేదు. మీ అబ్బాయి తెలివి చూసి మురిసిపోతున్నాను, అంతే.

అవునండీ, శ్రావణం అనుకున్నాం… సరే, మీరనుకున్నారు. వరలక్ష్మీ వ్రతం నాటికి మనవరాలు అన్నారు, గుర్తుంది. కార్తీకం వెళ్లాకే కదా ఆయన రాంచీ ట్రైనింగ్ నుంచి వచ్చారు… వచ్చిన నెలకే మీకు కబురు చెప్పారు… కిరందుల్ కాలనీలో క్వార్టర్ క్వార్టర్‌కీ తిరిగి కోవా కూడా పంచారు. అన్నీ నిజమే.

జూన్ అంటే జ్యేష్ఠమేనండీ… మరి ఈ ఏడు అధిక మాసం కదా, జ్యేష్ఠాలు రెండొస్తాయి. ఆ సందులో ఒక నెల అటూ ఇటూ… … అధిక మాసం పంచాంగానికే గాని కడుపులో బిడ్డకి కాదా… అదీ నిజమే. ఒక నెల పోయినా ఇంకో నెల తేడా ఉండనే ఉందా… సరేనండీ.

అలా కాదు, డాక్టర్ల లెక్క వేరండీ. వాళ్లు బయట చేరిన రోజు నుంచి లెక్కేస్తారు. అంటే బిడ్డ కడుపులో పడకముందే రెండు వారాలు వయసు వేసేస్తారన్నమాట… నాకూ విచిత్రంగానే ఉంది… మీరు ముగ్గుర్ని కన్నారు, ఏ డాక్టరూ ముందస్తు వయసు వెయ్యలేదు, ఒప్పుకుంటాను.

వేళ్ల మీద లెక్కపెడుతున్నారా? … పెట్టండి… వైశాఖం… చైత్రం… నెమ్మదిగానే వెనక్కి రండి… పుష్యం… ఆ… ఎక్కడ ఆగింది? … దసరా దగ్గరా.

అవునండీ, దసరాకి ఆయన రాంచీలోనే ఉన్నారు. వినాయక చవితి వెళ్లగానే వెళ్లారు… అయితే అత్తయ్యగారూ, మీరు ఏ దసరా అంటున్నారు? మన బస్తర్‌లో దసరా రెండున్నర నెలలు కదా, ఆషాఢ అమావాస్యకే మొదలెట్టేస్తారు, అప్పటికి ఆయన ఇంట్లోనే… … తెలుసండీ, ముప్ఫై ఏళ్లు ఇక్కడే కాపురం చేశారు. బొబ్బిలి వెళ్లిపోయినంత మాత్రాన మీకు నేను దసరా నేర్పక్కర్లేదు… పది రోజుల దసరాయే అంటున్నారు. సరే.

రేణుకగారు కూడా ఫోన్ చేశారా! … నా పొట్ట చూసి ఇది నాలుగో నెల కాదు, ఆరు దాటిందన్నారా… పెరట్లో బట్టలారేస్తుంటే పక్కింటి గోడ మీంచి చూసినట్టున్నారు. ఇంక ఆసుపత్రిలో స్కానింగ్ మిషను ఎందుకు, రేణుకగారిని కూర్చోబెడితే చాలు.

దసరాకి నేనెక్కడున్నానా? … వైజాగ్‌లో. మా చెల్లెలు ప్రశాంతి ఇంట్లో… వారం పైనే ఉన్నాను… ఊరికే. సముద్రం చూద్దామని.

ఆ ఇంట్లో మగవాళ్లా? … ఏటండీ ఆ ప్రశ్న? … ప్రశాంతి మొగుడు ఓడ మీదుంటాడు, ఆర్నెల్లకోసారి వస్తాడు. ఇంట్లో ఉన్నది ఆళ్ల మామగారు. డెబ్భై దాటాయి. రెండు మోకాళ్లూ మార్పించుకున్నారు… నేను నవ్వడం లేదండీ. మీరడిగారు, నేను చెప్పాను.

ఒక్క నిమిషం అత్తయ్యగారూ, కుక్కర్ కూస్తోంది. పెట్టెయ్యకండి, ఇప్పుడే వస్తాను…

ఆ. మ్యూట్‌లో పెట్టాను. ఇప్పుడు చెప్పండి, ఏటా సైగలు? … నోరు తెరిచి మాట్లాడండి, మీ అమ్మకి వినపడదులెండి. మీరు గని మీద లేరు, నా ఎదురుగా సోఫా మీదున్నారు. మీ అమ్మ అడిగిందంతా చెవులారా విన్నారు. అయినా నోటి మీద వేలేసుకుని నన్ను ఊరుకోమంటున్నారు!

ఏది చెప్పొద్దు? పోయిన ఎండాకాలంలో మనిద్దరం కలిసి వైజాగ్ ఆసుపత్రికి వెళ్లామనా? మీది మీరిచ్చి, నాది నేనిచ్చి, పిండాలు తయారుచేసి ఫ్రీజర్‌లో దాచారనా? నా ఒళ్లు కుదుటపడ్డాక దసరాకి రమ్మంటే, మీకు సెలవు దొరక్కపోతే, “ఆయన పని అయిపోయిందమ్మా, నువ్వు వస్తే చాలు” అంది డాక్టరమ్మ. నేనూ ప్రశాంతీ వెళ్లాం. పిండం లోపల పెట్టిన రోజు నుంచే ఆవిడ పురుడు తేదీ కట్టింది. ఈ కాలనీలో ఏ కడుపుకీ ఇంత కచ్చితమైన లెక్క లేదు. అనుమానం మాత్రం దీనికే!

… లోపం మీదని తెలిసిపోతుందా? తెలిస్తే? లోపం నాదని ఆరేళ్లుగా అందరికీ తెలుసు కదా, నేను బతకలేదా? మీ అమ్మ పనిమనిషి మంగి చేత అడవిలోంచి వేర్లు తెప్పించి, ఆ చేదు కషాయం ఎవరికి పట్టింది? నవరాత్రుల్లో చెప్పుల్లేకుండా దంతెవాడ అమ్మవారి దగ్గరికి ఎవర్ని నడిపించింది? మీరూ వచ్చారు లెండి తోడు. బండి మీద, పక్కనే, మెల్లగా!

… రెండు నెలలే కదా అంటారేంటి? ఆ రెండు నెలలూ మింగింది ఎవరు? “రాంచీ నుంచి దిగానో లేదో” అని క్యాంటీన్‌లో మీసం తిప్పింది ఎవరు? నేను కొయ్యమన్నానా ఆ కోతలు? మీ మీసం కోసం బిడ్డని శ్రావణం దాకా లోపలే ఆపమంటారా?

… ఇచ్చాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను, కాదనట్లేదు. ఉండండి, ఆవిడ పిలుస్తోంది.

హలో… ఆ, ఉన్నానండీ… అయిపోయింది, పప్పు దించాను. చెప్పండి.

… సీమంతం వద్దా? … పంతులుగారికి అప్పుడే చెప్పేశారా… ఎందుకని? … బిడ్డ పుట్టాక చూద్దామా? ఏం చూస్తారు? … పోలికా.

… పోలిక చూసి?

… మన పోలిక ఉంటే సరే, లేకపోతే… ఆ… నేనూ బిడ్డా మా పుట్టింటికా.

…

లేదండీ… ఏడవట్లేదు. ఏడిస్తే ఏం? ఏడుపొచ్చింది. ఆరేళ్లు ఏమన్నా పడ్డాను. ఇది ఇంకా కళ్లు తెరవలేదు, దీన్ని కూడా అంటారా?

వినండి. ఈసారి నేను చెబుతాను, మీరు వినండి. నాకు ఒళ్లు మండిపోతోంది అత్తయ్యగారూ. అయినా ఒక విషయం నేను చెప్పకూడదు, ఒకరికి మాటిచ్చాను… ఎవరికో మీరే కనుక్కుందురు గాని. ఇందాక మీకో అబద్ధం చెప్పాను, అది మాత్రం వెనక్కి తీసుకుంటాను. మీ అబ్బాయి గని మీద లేరు.

… ఇంట్లోనే. నా ఎదురుగా… మొదట్నుంచీ ఇక్కడే ఉన్నారు. ఫోన్ స్పీకర్‌లోనే ఉంది… అన్నీ విన్నారు. ప్రశాంతి మామగారి మాట, పోలిక మాట, అన్నీ.

ఇస్తున్నానండీ… ఏవండీ, తీసుకోండి… అరె! ఏవండీ! ఏవండీ!

బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నారండీ మీ అబ్బాయి… కడుపునొప్పి కాదు, ఏమీ కాదు… కంగారు పడకండి, ఎక్కడికి పోతారు? ఉన్నది ఒక్కటే తలుపు. పైగా కాలనీ నీళ్లు పొద్దున్నే ఆగిపోయాయి, సాయంత్రం దాకా రావు. ఎంతసేపుంటారో ఉండనివ్వండి.

ఇదిగో, తలుపు దగ్గర స్టూల్ వేసి ఫోన్ దాని మీద పెడుతున్నాను. మీరే అడగండి. దసరా సంగతి తర్వాత. ముందు, పోయిన ఎండాకాలంలో పెళ్లాన్ని తీసుకుని వైజాగ్ ఎందుకెళ్లావురా గిరీషూ అని అడగండి. అంతే. మిగతాది ఆయన నోటితోనే వినండి.

ఏవండీ, అమ్మ అడుగుతున్నారు… వినపడిందా? … ఆ గొళ్లెం తియ్యకపోయినా పర్లేదు, జవాబు చెప్పండి…

…

ఆ… ఐవీఎఫ్ అని గొణిగితే ఆవిడకి ఏం తెలుస్తుంది? తెలుగులో చెప్పండి.

… ఇంకాస్త గట్టిగా.

ఇంకా గట్టిగా! నన్ను గొడ్రాలన్నప్పుడు ఈ కాలనీ అంతటికీ వినపడింది. మీది రేణుకగారి గోడ దాకా అయినా వెళ్లొద్దా?

…

ఆ. అదీ.

అత్తయ్యగారూ… విన్నారు కదా. ఇంక మీ అబ్బాయితో మాట్లాడండి, ఇంకా లోపలే ఉన్నారు.

నేను వంటింట్లోకి వెళ్తున్నాను. ఇడ్లీలు ఇంకో రెండున్నాయి. ఆరు తినమన్నారు కదా.