మధ్యాహ్నానికి నిలబడే చెయ్యి

నా పదవీ విరమణ సభకు అధ్యక్షులైన మేనేజరుగారికి, నాకు చేయి పట్టి పని నేర్పిన పెద్దలకు, ముప్పై ఒక్క ఏళ్లు నాతో నూనె మరకలు పంచుకున్న మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని "తొందరగా ముగించండి" అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా నా చేతికి దొరికిపోతుందని ఇందాక ఫోర్‌మన్‌గారు తెగ పొగిడారు. నిజమేనండీ, కాని తొమ్మిదేళ్ల కిందటి వరకు అది మధ్యాహ్నం మాటే. పొద్దున సన్న కొలతలు తీసే మైక్రోమీటరు పట్టుకుంటే వేళ్లు వణికేవి. భోజనాల వేళ లాకరులోంచి సీసా తీసి నాలుగు గుక్కలు దిగితే చెయ్యి నిలబడేది.

అది మీ అందరికీ తెలుసు. అందుకే పొద్దున గరుకు పని నాకిచ్చి, సన్న పని మధ్యాహ్నానికి దాచేవారు. లేతు మిషను మీద పనిచేసే మా బావైతే నా కొలతలు తనే తీసి, నా సంతకం కూడా తనే గీకేవాడు. తల దించుకోకు బావా, అదంతా ప్రేమే. ఆ ప్రేమే నన్ను ఇంకో మూడేళ్లు తాగనిచ్చింది.

ఇంట్లో అడిగితే, "రోడ్డు మీద పడ్డానా? ఒక్కరోజైనా పని ఎగ్గొట్టానా?" అని గద్దించేవాణ్ణి. ఓ ఆదివారం పౌరుషానికి పోయి ఒక్కసారిగా మానేశాను. మర్నాటికి ఒళ్లంతా చెమటలు, గోడ మీద లేని పురుగులు కనబడటం, ఆపైన మూర్ఛ. ఆసుపత్రిలో డాక్టరమ్మ తిట్టలేదు. "తాగితేగాని చెయ్యి నిలబడటం లేదంటే ఒళ్లు దానికి లొంగిపోయిందన్నమాట. అప్పుడే మా దగ్గరికి రావాలి. సొంతంగా ఒక్కసారే మానితే ప్రాణం మీదికొస్తుంది. మేం దగ్గరుండి మాన్పిస్తాం" అంది, అలాగే మాన్పించింది. ఊళ్లో ఇనుమంతా కొలిచినవాణ్ణి, నా సంగతి నాకు తెలియలేదు!

ఈ పొద్దున నన్ను అభినందించిన చేతుల్లో ఒక చెయ్యి వణికింది. అటూ ఇటూ చూడకండి, ఎవరిదో చెప్పను. నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు, కాని ఆ మనిషిని మాత్రం నన్ను దాచినట్టు దాచకండి.

తమ్ముడూ, రేపటి నుంచి నాకు పని లేదు. తొమ్మిదింటికి గేటు దగ్గరుంటాను, ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. అంతవరకు నీ అంతట నువ్వు మానెయ్యకు, సిగ్గూ పడకు. రేపు రాలేకపోతే ఎల్లుండి కూడా అక్కడే ఉంటాను. సెలవు.