ఏడో రౌండు దాకా

స్టేడియం వెనక మట్టిదారి, పొద్దున పూట. రేపే అయిదు వేల మీటర్ల ఫైనల్. నెమ్మదిగా పరిగెత్తుతున్న ఇద్దరిలో పెద్దమ్మాయి కోచ్ కూతురు. చిన్నమ్మాయి ఆమెకి పేసర్, అంటే రేసులో ముందుండి స్పీడు చూపించి, సగం దాటాక పక్కకి తప్పుకునే మనిషి. పతకాలిచ్చేటప్పుడు ఎవరికీ గుర్తుకురాని పని అది. మూడేళ్ళుగా చేస్తోంది పిచ్చిపిల్ల, పైగా సంతోషంగా.

"...ముక్కుకీ నోటికీ కలిపి ఓ మాస్కు తగిలిస్తారక్కా. ఊపిరాడి చస్తుందా అని హడలిపోయాను. కింద బెల్టు తిరుగుతూ ఉంటుంది, దాని మీద పరిగెత్తాలి. మధ్యమధ్యలో చెవి తమ్మెకి సూది గుచ్చి రక్తం చుక్క తీస్తారు. దోమ కూడా అంత శ్రద్ధగా తియ్యదు."

"తెలుసులే. నాకూ చేశారుగా కిందటేడు. ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. ల్యాబ్ మేడమ్‌కి పరిగెత్తేవాళ్ళు కావాలట, పిల్లలకి పాఠం చూపించడానికి. నేను ఖాళీగా ఉన్నాను, వెళ్ళాను."

"నాన్నకి చెప్పావా?"

"లేదు. ముందు నీకు చెప్దామని."

"మంచిపని చేశావ్. చెప్పకు. రేసు ముందు ఇలాంటివంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. మోకాలెలా ఉంది?"

"మోకాలికేం, రాయిలా ఉంది. మేడమ్ ఏమన్నారో అడగవా అక్కా?"

"ఏమంటారు? బాగా పరిగెత్తావమ్మా అంటారు. అందరినీ అంటారు. కుడిపక్క గుంత ఉంది, చూసుకో."

"'నీ రేసేంటి' అని అడిగారు. 'పేసర్‌ని మేడమ్, ఏడు రౌండ్లు లాగి తప్పుకుంటాను' అన్నాను. ఆవిడ కంప్యూటర్ వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ కంప్యూటర్ వైపు చూసి, 'ఎందుకు తప్పుకుంటావు' అన్నారు."

"నువ్వేం చెప్పావు?"

"సార్ చెప్పేదే చెప్పాను. దమ్ము లేదు మేడమ్, ఏడు దాటితే చతికిలబడతాను అని."

"ఊఁ."

"అప్పుడు నవ్వారక్కా. పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది."

"నవ్వితే నవ్వారు. వదిలెయ్."

"నన్ను చూసి కాదు. 'నీకు దమ్ము లేదన్న మనిషిని ఒకసారి చూడాలని ఉంది' అన్నారు. ప్రతి మనిషికీ ఒక స్పీడుంటుందట. దానికి లోపల ఉన్నంతసేపూ ఒళ్ళు తన చెత్త తనే ఊడ్చుకుంటూ పోతుంది. దాన్ని దాటితే ఊడవలేక చేతులెత్తేస్తుంది, కాళ్ళు బరువెక్కిపోతాయి. నాకు ఆ స్పీడు ఎక్కడో పైనుందట. అమ్మాయిల్లో అంత పైన ఇదివరకెప్పుడూ చూడలేదట."

"ఇదివరకెప్పుడూ అంటే? నా లెక్కలు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయిగా."

"అదే అడిగాను."

"ఏమన్నారు?"

"ఒకళ్ళవి ఇంకొకళ్ళకి చెప్పకూడదట."

"పొట్టీ, అబద్ధమాడకు. నీకు రాదు."

"'మీ జట్టులో అందరికంటే' అన్నారు. చాలా?"

"సరే. మిషను మీద ఎవరైనా పరిగెత్తుతారు. అక్కడ ఎండ ఉండదు, గాలి ఉండదు, పక్కనుంచి మోచేత్తో పొడిచేవాళ్ళుండరు. నాన్న ఏ మిషనూ లేకుండానే ఇంతమందిని తయారుచేశారు. మాట్లాడుతూ పరిగెత్తగలిగితే ఆ స్పీడు నీకు తేలిక, మాట తెగితే ఎక్కువ. అంతే ఆయన టెస్టు. దాన్నిబట్టే అందరి పేసులూ కడతారు, ఎవరు ఎంత స్పీడులో పరిగెత్తాలో."

"సార్ తప్పని నేనెక్కడన్నాను?"

"అంటున్నావు."

"అడుగుతున్నాను. వారంలో ఏమేం చేయిస్తారని మేడమ్ అడిగితే చెప్పాను. నాలుగొందల మీటర్లు గట్టిగా, కాసేపు నడక, మళ్ళీ గట్టిగా. 'లాంగ్ రన్?' లేదు. 'టెంపో? ఆగకుండా ఒకే గట్టి స్పీడులో?' లేదు. 'మరి దమ్ము ఎలా వస్తుందే తల్లీ? పొయ్యి ముట్టించకుండా అన్నం ఉడకలేదంటే ఎలా?' అన్నారు. ఆదివారం మీరందరూ లాంగ్ రన్‌కి వెళ్తారు. నేను గదిలో మీ అందరి సాక్సులూ ఉతుకుతాను. మూడేళ్ళు. ఎందుకక్కా?"

"అవన్నీ నాన్న చూసుకుంటారు. నన్నడిగితే?"

"నీకు చెప్తారుగా."

"నాకేం చెప్పరు."

"ఒక్కసారి కూడా అనలేదా, ఈ పిల్లని కూడా తీసుకెళ్ళండి అని?"

"నాన్న చూసుకుంటారన్నానుగా. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పను? వేరే మాట్లాడు."

"వేరేదే మాట్లాడతాను. రేపు నేను తప్పుకోను."

"ఏంటీ?"

"ఏడో రౌండయ్యాక పక్కకి రాను. చివరిదాకా పరిగెత్తుతాను."

"మతి పోయిందా నీకు?"

"పేసర్ తప్పుకోవాలని రూలేం లేదు. అందరిలాగే నాకూ నంబరిచ్చారు. మేడమ్‌ని అడిగి మరీ తెలుసుకున్నాను."

"రేపు మొదటొచ్చినదాన్ని ఒక్కదాన్నే నేషనల్ క్యాంపుకి తీసుకుంటారు. తెలుసా?"

"తెలుసు."

"తెలిసే అంటున్నావా?"

"తెలిసే అంటున్నాను. ఈ సీజను అవగానే వచ్చెయ్యమన్నాడు అన్నయ్య. 'ముందుండి పరిగెత్తి ఆఖరికి ఇంటికొచ్చే ఆట ఎక్కడైనా ఉందా' అని వెక్కిరిస్తాడు. వాడి దుకాణంలో రెండో కుట్టుమిషను నాకోసం తెచ్చిపెట్టాడు, కవరు కూడా తియ్యలేదు. నా కాళ్ళు ఇక ఆ మిషను తొక్కడానికే. ఒక్క రేసక్కా. ఒక్కటంటే ఒక్కటి నా కోసం పరిగెత్తి వెళ్ళిపోతాను."

"నాకు ఇరవై తొమ్మిది. నాకు మళ్ళీ ఏడాది ఉందనుకుంటున్నావా? నువ్వు చిన్నదానివి. ఇంకెన్నో రేసులు..."

"ఎక్కడ, దుకాణంలోనా?"

"మా అమ్మ నిన్ను కూతురిలా చూసుకుంది. నా బూట్లిచ్చాను. జ్వరమొస్తే పక్కన కూర్చున్నాను. ఇదా నువ్వు చేసేది?"

"ఇప్పుడూ నీ బూట్లే ఉన్నాయి కాళ్ళకి. వేళ్ళు ముందుకి పొడుచుకుంటాయి, గోళ్ళు రెండుసార్లు ఊడిపోయాయి. ఏనాడైనా అన్నానా? నువ్వు నా కోసం ఏమేం చేశావో నాకు గుర్తుంది. అందుకే దొంగలా రేపు చెయ్యకుండా ఇవాళ మొహం మీద చెప్తున్నాను. అక్కా, స్పీడు పెరుగుతోంది."

"నువ్వే పెంచుతున్నావ్."

"నేను నీ పక్కనే ఉన్నాను. అడుగు కూడా ముందుకెయ్యలేదు. తగ్గించు, రేపు రేసుంది."

"నాకు... చెప్పకు."

"సరే, చెప్పను. కానీ నువ్వు మాత్రం నా తరఫున ఒక మాట చెప్పు సార్‌కి. నువ్వు చెప్తే వింటారు. ఆదివారం నన్నెందుకు పక్కన పెట్టారో అడుగు."

"అడగను."

"ఎందుకు అడగవు?"

"అడగను... అంతే."

"అక్కా, ఇది టెంపో. టెంపో కూడా దాటేశాం. కాళ్ళు పాడుచేసుకుంటావు. నా మీద కోపం ఉంటే తిట్టు, నీ కాళ్ళ మీద చూపించుకుంటావేం?"

"నోరు... ముయ్."

"మూస్తాను. ముందు నెమ్మదించు. ఇలాగే పోతే రేపు మూడో రౌండుకే కూలబడతావు, అప్పుడు అది కూడా నా నెత్తినే రుద్దుతారు. మీ అమ్మ ఏడుస్తుంది. సార్ నా మొహం చూడరు. అక్కా? మాట్లాడవేం? అక్కా!"

"ఆగు... ఆగు..."

"ఆగాను. ఒంగోకు, నిలబడు. చేతులు తల మీద పెట్టుకో. మెల్లిగా పీల్చు. ఇంకా మెల్లిగా. కడుపులో నొప్పా?"

"నీకు... ఏం కాలేదా?"

"ఏం కావాలి?"

"చెమట కూడా... పట్టలేదే నీకు."

"పట్టింది. చూడు, మెడంతా తడిసింది. కూర్చో కాసేపు. నేను స్టేడియంలోకి వెళ్ళొస్తాను."

"ఎందుకు?"

"సార్ దగ్గరికి. పేసులు రాసే పలక ముందు కూర్చుని ఉంటారుగా. మూడేళ్ళు నా మొహం చూసి దమ్ము లేదని ఎలా అనగలిగారో అడుగుతాను. ఆ మాట నమ్మి రాత్రుళ్ళు నన్ను నేను ఎంత తిట్టుకున్నానో తెలుసా నీకు? మా అమ్మ కడుపులో ఉన్నప్పుడే నాకు ఊపిరితిత్తులు సరిగ్గా పెరగలేదేమో అనుకున్నాను. కన్నకూతురి కోసం పరాయిపిల్ల బతుకు ఏడు రౌండ్లకి కుదించేశారు. పెద్దమనిషి!"

"నాన్నని ఏమీ అనకు."

"అంటాను. అందరి ముందూ అంటాను."

"ఆయనకి తెలీదు."

"కోచ్‌కి తెలీకపోవడమేంటి? ఎవరికి చెప్తావు?"

"తెలీదంటున్నానుగా! నడుం పడిపోయాక ఆయన ట్రాకు దాటి ఎప్పుడైనా వచ్చారా? రోడ్డు మీద ఎవరెలా పరిగెత్తారో ఆయన ఎక్కడ చూస్తారు?"

"మరెవరు..."

"నువ్వొచ్చిన మొదటి ఆదివారం. కొండ రోడ్డు."

"గుర్తుంది. నా జన్మకి అదొక్కటేగా లాంగ్ రన్. పైకెక్కాక నీ కోసం ఆగాను. నీళ్ళ సీసా ఇచ్చాను."

"అవును. ఇచ్చి, 'అలిసిపోయావా అక్కా' అన్నావు. జాలిగా. దారంతా మీ అన్నయ్య కబుర్లు చెప్తూనే ఉన్నావు. ఏటవాలులో పాట కూడా ఎత్తుకున్నావు."

"నువ్వొక్క మాటైనా మాట్లాడలేదు. నా వాగుడు నచ్చలేదేమో, కోపం వచ్చిందేమో అని దిగేటప్పుడు నోరు కట్టేసుకున్నాను."

"కోపం కాదు. మాట రాలేదు."

"అక్కా..."

"సాయంత్రం నాన్న అడిగారు. 'కొత్తపిల్ల ఎలా ఉంది, మాట్లాడగలిగిందా' అని."

"నువ్వేం చెప్పావు?"

"ఊపిరే అందలేదు నాన్నా, సగం దారి నేనే లాక్కొచ్చాను అన్నాను."

"సార్ నమ్మారా?"

"నమ్మారు. 'పాపం, ఇక్కడ ఉంచి ఆ పిల్ల బతుకు ఎందుకు పాడుచెయ్యడం, పంపించేద్దాం, ఇంకెక్కడైనా బాగుపడుతుంది' అన్నారు. నేనే వద్దన్నాను. నాకు పేసర్ కావాలన్నాను."