రెండో కార్డు

పెళ్ళి ఫొటోలు తీయడానికి వెళ్ళిన మా అమ్మాయి తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

"మొహం వాడిపోయిందేంటే? కెమెరా పడేశావా?"

"లేదమ్మా. కెమెరాలో మెమరీ కార్డు పాడైంది. అందులో ఒక్క ఫొటో కూడా లేదు."

"అయ్యో! ఏదో ఒకటి పాడవుతుందని నే చెప్తూనే ఉన్నా!"

"నువ్వు చెప్పావనేగా ప్రతి ఫొటో రెండో కార్డులోనూ పడేలా పెట్టుకున్నా. అన్నీ ఉన్నాయి, పెళ్ళికూతురి తాతగారి నవ్వుతో సహా."

"నవ్వమన్నావా?"

"నేనెవర్నీ నవ్వమనను. మూడు గంటలు కాచుకుంటే ఒక్కసారి నవ్వారు. ఈ రెండో కార్డు జాగ్రత్త ఎవరు నేర్పారని మా ఫొటోగ్రఫీ మాస్టారు అడిగితే, అమ్మ భయం నేర్పిందన్నా."

"నాకు కెమెరా పట్టుకోవడమే రాదు, నేను నేర్పడమేంటే! ఇంతకీ ఆయనేమన్నారు?"

"తన శిష్యులందరికీ అలాంటి అమ్మ ఉండాలన్నారు."

"చాల్లే, సంబడం! ఏదీ, ఆయన అన్న మాట మళ్ళీ చెప్పు... అవునే, ఆ రెండోది కూడా పాడైతేనో?"